కీలు బండి ఇరుసు కాదు



నాకు ఫిజియోథెరపీ నేర్పిన మాస్టారి గదిలో ఒక చెక్క స్టూలు ఉండేది. పదిహేడు అంగుళాల ఎత్తు. వచ్చింది ఎవరైనా సరే, కవర్లో ఎన్ని ఫిల్ములున్నా సరే, ముందు దాని మీద కూర్చోబెట్టేవారు. రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టించి, చేతి గడియారం చూస్తూ, అరనిమిషంలో ఎన్నిసార్లు నిటారుగా లేచి మళ్ళీ కూర్చోగలరో లెక్కపెట్టేవారు. కార్డు మీద మొదటి పంక్తిలో పడేది ఆ అంకే. ఎక్స్‌రే ఆ తర్వాత. అమెరికాలో రిక్లీ, జోన్స్ అనే పరిశోధకులు 1999లో ఈ పరీక్ష గురించి రాశారు. ఇప్పుడు దీనికి వయసులవారీ ప్రమాణాలున్నాయి. 60 నుంచి 64 ఏళ్ళ మధ్య ఉన్న స్త్రీ 12 సార్లయినా లేవలేకపోతే కాళ్ళలో బలం తగ్గినట్టు లెక్క. మాస్టారు మాకు ఆ పట్టికలేవీ చూపించలేదు. "ఆవిడ మన దగ్గరికి వచ్చింది లేచి నడవడానికమ్మా, ఫొటో చూపించుకోవడానికి కాదు" అనేవారు.

ఈ సాయంత్రం నేను ఒకే ఒక్క మాట గురించి మాట్లాడతాను. కీళ్ళనొప్పితో మా గుమ్మం ఎక్కేవాళ్ళలో చాలామంది ముందుగా చెప్పే మాట అది. "అరిగిపోయిందంట."

పన్నెండేళ్ళ కిందట, దాళ్వా నాట్లు ముగిసిన రోజుల్లో, డెల్టా ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. యాభై ఎనిమిదేళ్ళు. చిన్నప్పటి నుంచీ ఊడ్పులకూ కలుపులకూ వెళ్ళిన మనిషి. కొడుకు భుజం పట్టుకుని మెట్లెక్కింది.

"కుడి మోకాల్లో గుజ్జు మొత్తం అరిగిపోయిందంటండి. కింద కూర్చోవద్దన్నారు. మెట్లెక్కొద్దన్నారు. నడక తగ్గించమన్నారు. ఏడాదైందండి నేను చేలోకి దిగి."

"ఏడాది నుంచి అవన్నీ మానేశారు కదమ్మా, నొప్పి తగ్గిందా?"

ఆవిడ కాసేపు ఆలోచించింది. "పెరిగిందండి."

ఎక్స్‌రే చూశాను. రెండు మోకాళ్ళలోనూ ఎముకల మధ్య సందు ఇంచుమించు ఒకేలా తగ్గి ఉంది. నొప్పి మాత్రం కుడి మోకాలికే. మోకాలి చిప్పకు పది సెంటీమీటర్ల పైన టేపు చుట్టి రెండు తొడలూ కొలిచాను. కుడి తొడ ఎడమదానికంటే రెండున్నర సెంటీమీటర్లు సన్నబడి ఉంది. స్టూలు మీద నుంచి నాలుగుసార్లు లేచింది. అయిదోసారి తొడ మీద చెయ్యి ఊనింది. నాలుగు అని రాసుకున్నాను.

బండి ఇరుసు అరుగుతుంది. ఎంత తిప్పితే అంత అరుగుతుంది, తిప్పకుండా నిలిపితే మిగులుతుంది. ఆ లెక్కన మోకాలిని కూడా వాడకుండా దాచుకోవాలనుకోవడం సహజమే. కాని కీలు చచ్చిన వస్తువు కాదు. మేక కాలి ఎముక చివర చూసినవాళ్ళకు తెలుసు, తెల్లగా, నున్నగా, తడిగా మెరుస్తూ ఒక పొర ఉంటుంది. మనం గుజ్జు అంటున్నది దాన్నే. మామిడిపండు గుజ్జులా గరిటెతో తీసేదీ కాదు, అయిపోతే మళ్ళీ పోసేదీ కాదు. కొద్ది మిల్లీమీటర్ల మందాన ఎముకకు అతుక్కుని ఉండే గట్టి పొర. పెద్దవాళ్ళలో దానికి రక్తనాళాలు ఉండవు. తిండి అందేది కీలులోని జిగురు ద్రవం నుంచే. అడుగు వేసినప్పుడు ఆ పొర నొక్కుకుని నీరు బయటికి వస్తుంది, కాలు ఎత్తినప్పుడు మళ్ళీ పీల్చుకుంటుంది. నడక ఆగితే ఆ రాకపోకలు తగ్గిపోతాయి. ఇరుసును నిలిపితే మిగులుతుంది, కీలును నిలిపితే పస్తుంటుంది.

ఎముకా అంతే. దాని మీద పడే బరువును బట్టి అది తన కట్టుబడిని మార్చుకుంటుందని జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. కండరం సంగతి చెప్పనక్కరలేదు. కాలు విరిగి ఆరు వారాలు కట్టులో ఉన్న మనిషికి, అది ఆసుపత్రి పిండికట్టయినా పుత్తూరు కట్టయినా, కట్టు విప్పిన రోజున ఏం కనిపిస్తుందో ప్రతి ఇంట్లోనూ ఒకరు చూసే ఉంటారు. పక్క కాలు పక్కన పెడితే ఎవరిదో అన్నట్టు ఉంటుంది. ఎముక అతికింది, నిజమే. ఆ కాలిని మళ్ళీ తన కాలు చేసుకునే పని అక్కడే మొదలవుతుంది. ఆ సంగతి చెప్పి పంపకపోవడం వల్ల బిగుసుకుపోయిన మోచేతుల్ని నేను లెక్కలేనన్ని చూశాను.

మోకాలి విషయంలో ఇంకో చిక్కు ఉంది. కీలులో వాపో నొప్పో ఉన్నప్పుడు తొడ ముందు కండరానికి నాడుల ద్వారా అందే ఆజ్ఞ తగ్గుతుంది. మనిషి బద్ధకించి వాడకపోవడం కాదు, వాడదామన్నా అది పూర్తిగా పలకదు. అందువల్ల సన్నబడుతుంది. సన్నబడితే అడుగు వేసినప్పుడు కండరం మోయాల్సిన దెబ్బ కీలు మీద పడుతుంది. నొప్పి పెరుగుతుంది. నొప్పి పెరిగిందని ఇంకా తగ్గిస్తాం. ఆవిడ ఏడాదిగా ఆ సుడిలోనే తిరుగుతోంది, అదీ చెప్పినమాట తు.చ. తప్పకుండా పాటించి.

అరుగుదల అబద్ధమని నేను అనడం లేదు. ఆ పొర పలచబడుతుంది, వ్యాయామంతో తిరిగి మొలవదు. గంటల తరబడి గొంతుక్కూర్చుని చేసే పనులు మోకాళ్ళకు కీడు చేస్తాయన్నదీ నిజమే. కాని ఒకే రకం ఎక్స్‌రే ఉన్న ఇద్దరిలో ఒకరు కొండెక్కి దర్శనం చేసుకొస్తారు, ఇంకొకరు మంచం దిగలేరు. ఆ తేడాలో కండరం ఉంది, ఒంటి బరువు ఉంది, నిద్ర ఉంది, భయం ఉంది. ఇవన్నీ మార్చగలిగినవి. బరువు సంగతి ఒక్కటే చూడండి. అమెరికాలో మెస్సియర్ బృందం 2005లో లెక్కగట్టింది: ఒళ్ళు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. రోజంతా వేసే అడుగులతో దాన్ని హెచ్చవేసుకోండి.

వయసైపోయింది, ఇప్పుడు కండరం ఎక్కడ పెరుగుతుంది అంటారు. ఈ ప్రశ్నకు మాస్టారు క్లాసులో చదివి వినిపించిన వ్యాసం ఒకటుంది. 1990లో బోస్టన్‌లో మరియా ఫియాటరోన్ బృందం వృద్ధుల ఆశ్రమంలో ఉంటున్న పదిమందిని తీసుకుంది. సగటు వయసు 90. ఎనిమిది వారాలు కాళ్ళకు బరువులతో వ్యాయామం చేయించారు, అదీ నామమాత్రపు బరువులు కాదు. తొమ్మిదిమంది చివరిదాకా చేశారు. తొడ బలం సగటున 174 శాతం పెరిగింది. ఆ అంకె చదివి మాస్టారు పుస్తకం మూసి, కళ్ళజోడు తీసి, మమ్మల్నందరినీ ఒకసారి చూశారు. నాకు అప్పుడు ఇరవై ఏళ్ళు. ఆ చూపు ఇప్పటికీ నాతో ఉంది.

ఆ డెల్టా ఆవిడకు మొదటి రెండు వారాలు ఇచ్చింది ఇంతే. మంచం మీద కాళ్ళు చాపి కూర్చుని, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని, దాన్ని కిందికి నొక్కి అయిదు అంకెలు లెక్కపెట్టడం. పదేసి సార్లు, రోజుకు మూడు పూటలు. తర్వాత స్టూలు. వాళ్ళింట్లో ఉన్న స్టూలు మీద దుప్పటి నాలుగు మడతలు వేసి ఎత్తు పెంచాం. చేతులు ఊనకుండా లేవాలి, కూర్చునేటప్పుడు కూలబడకుండా మెల్లగా దిగాలి. ఆ మెల్లగా దిగడంలోనే సగం మందు ఉంది. వారానికి ఒక మడత తీసేయమన్నాను. మడతలన్నీ అయిపోయాక అరుగు మెట్టు ఎక్కి దిగడం. వారానికి మూడు రోజులు, చివరి రెండుసార్లు కష్టంగా అనిపించేటంత.

మొదటిరోజే ఆవిడ అడిగింది: "నొప్పి పెట్టుకుని చేస్తే ఇంకా అరగదాండి?"

నా ముప్ఫై ఏళ్ళ పనిలో ఇంతకంటే తెలివైన ప్రశ్న నేను వినలేదు. డాక్టర్లు, మందులషాపువాళ్ళు, చుట్టాలు, టీవీ, అందరూ కలిసి ఆవిడకు నేర్పిన భయం అంతా అందులో ఉంది. దానికి సమాధానం చెప్పకుండా ఎన్ని వ్యాయామాలు రాసిచ్చినా ఆ కాగితం చూరులోకే పోతుంది. నేనన్నాను: "నొప్పిని రూపాయి అనుకోండమ్మా. చేసేటప్పుడు ఆరణాల దాకా రానివ్వండి. మర్నాడు పొద్దున లేచేసరికి అది ఎప్పుడూ ఉండేంతకి దిగిపోయిందా, అప్పుడు మీ మోకాలు ఆ పనిని ఒప్పుకున్నట్టే. దిగలేదా, మోకాలు చెడిపోలేదు, మోతాదు ఎక్కువైంది. రెండు తగ్గించండి, మానకండి." మందుకు మోతాదు ఉన్నట్టే దీనికీ ఉంది. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు ఆపాలి అన్నదే మేం నాలుగేళ్ళు చదివి, ఆపై ఆరు నెలలు ఆసుపత్రిలో తిరిగి నేర్చుకున్న విద్య.

స్టూలు లెక్క ఆరో వారం ఎనిమిది. మూడో నెల పన్నెండు.

ఇక నడుం. "డిస్కు జారింది" అన్న మాట "అరిగిపోయింది"కి తోబుట్టువు. జారిందంటే చొక్కా బొత్తాం జారినట్టు, ఎప్పుడైనా ఇంకా జారిపోవచ్చునన్నట్టు మనిషి బిగదీసుకుపోతాడు. దగ్గడానికి భయం, వంగి చెప్పులు వేసుకోవడానికి భయం. 2015లో బ్రింజిక్జి, ఆయన సహచరులు 33 అధ్యయనాలను కలిపి చూశారు. అందులో 3,110 మంది. ఎవరికీ నడుంనొప్పి లేదు. అయినా స్కాన్ తీస్తే ఇరవైల్లో ఉన్నవాళ్ళలోనే నూటికి 30 మందికి డిస్కు ఉబ్బి కనిపించింది, ఎనభైలకు వచ్చేసరికి 84 మందికి. తలలో తెల్లవెంట్రుకలాంటిది చాలావరకు. కాని రిపోర్టు కాగితం మీద ఆ వాక్యం చదివిన మనిషికి అది తలరాతలా కనిపిస్తుంది.

ఒకప్పుడు నడుం పట్టేస్తే వారాల తరబడి చెక్కబల్ల మీద పడుకోబెట్టేవారు. 1986లో అమెరికాలో డేయో బృందం 203 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రెండు రోజుల విశ్రాంతి, రెండో గుంపుకు ఏడు రోజులు చెప్పింది. కోలుకోవడంలో తేడా లేదు. రెండు రోజులవాళ్ళు పనికి పోలేని దినాలు మాత్రం 45 శాతం తక్కువ. కూలి మీద బతికే ఇంట్లో ఆ తేడా అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు.

మా వృత్తిలో తరచూ చెప్పుకునే సంగతి ఒకటి. 1956లో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో రాబిన్ మెకంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి నడుం నుంచి కాలిలోకి నొప్పి పాకే రోగి ఒకాయన వచ్చేవాడు. ఒకరోజు గదిలోకి వెళ్ళి బోర్లా పడుకోండి అన్నారు. బల్ల తలవైపు పైకెత్తి ఉన్న సంగతి ఎవరూ చూసుకోలేదు. నడుం వెనక్కి వంగిన భంగిమలో కొన్ని నిమిషాలు అలాగే ఉండిపోయాడు. మెకంజీ వచ్చి చూసి కంగారుపడితే, రోగి చెప్పాడు, వారాల తర్వాత ఇప్పుడే హాయిగా ఉందని. కాలిలోని నొప్పి పోయింది. అప్పట్లో నడుంనొప్పికి వెనక్కి వంగడం కూడదనేవారు. మెకంజీ గొప్పతనం ఆ పొరపాటులో లేదు. రోగి చెప్పినమాట పుస్తకానికి ఎదురుగా ఉన్నా విన్నాడు, దాన్ని పట్టుకుని జీవితమంతా పనిచేశాడు. అందరికీ వెనక్కి వంగడమే మందు కాదు. ఏవైపు వంగితే నొప్పి కాలిలోంచి నడుంవైపు వెనక్కి వస్తుందో వెతకడమే పద్ధతి.

ఇక్కడ ఒక్క హెచ్చరిక, దీన్ని దయచేసి గుర్తుపెట్టుకోండి. నడుంనొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, పీట మీద ఆనే చోటంతా మొద్దుబారినా, పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా నా దగ్గరికి రావద్దు. ఆరోజే శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి వెళ్ళండి. జ్వరం, కారణం లేకుండా ఒళ్ళు తగ్గడం, ఒకప్పుడు క్యాన్సరు వచ్చి ఉండటం, రాత్రి ఏ పక్కకు తిరిగినా వదలని నొప్పి, వీటికీ డాక్టరే ముందు. ఎప్పుడు చేయి వేయకూడదో తెలియడం మా చదువులో సగం.

భుజం గురించి కొంచెమే చెబుతాను. జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోదు, చొక్కా తొడుక్కోవడానికి పైకి లేవదు, ఆ పక్కకు ఒత్తిగిలితే ప్రాణం పోతుంది. బోస్టన్ వైద్యుడు కాడ్‌మన్ 1934లో తన పుస్తకంలో దీనికి గడ్డకట్టిన భుజం అని పేరు పెట్టాడు. మనవాళ్ళు పట్టేసిందంటారు, అదే బాగుంది. షుగరు ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ. భుజం పట్టేసిందని వచ్చి, పరీక్ష చేయిస్తే షుగరు బయటపడినవాళ్ళు నా కార్డుల్లో ఎందరో. నొప్పి మండుతున్న దశలో బలవంతంగా చెయ్యి విరిచి పైకెత్తించకండి. బల్ల మీద ఒక చెయ్యి ఆనించి ముందుకు వంగి, రెండో చేతిని గంట లోలకంలా వదిలేసి ఊపండి చాలు. సాగదీయడం తర్వాత. ఏడాది పట్టవచ్చు, రెండేళ్ళూ పట్టవచ్చు. చాలామందికి చాలావరకు వదులుతుంది. ముందే ఈ సంగతి చెబితే మనిషి పది చోట్ల తిరిగి డబ్బు పోగొట్టుకోడు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మన ఊళ్ళల్లో ఫిజియోథెరపీకి పేరు కరెంటు. "కరెంటు పెట్టించుకుంటున్నాను" అంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అదే పెట్టాను. మోకాలినొప్పితో వచ్చిన ఒక పెద్దావిడకు పదిహేను రోజులు ఐఎఫ్‌టీ అనే కరెంటు చికిత్స, దాని పైన అల్ట్రాసౌండు. పదిహేను నిమిషాలు యంత్రం తగిలించి పక్కమంచానికి వెళ్ళేదాన్ని. కోర్సు అయ్యాక కార్డు మూసేశాం. ఆవిడ రోజూ రెండు బస్సులు మారి వచ్చేది. ఆరు నెలలకు గోడ పట్టుకుంటూ మళ్ళీ వచ్చింది, "అప్పుడు బాగుందమ్మా, మళ్ళీ ఓసారి కరెంటు పెట్టు" అని. ఆ పదిహేను రోజుల్లో ఒక్కసారి కూడా నేను ఆవిడను కుర్చీలోంచి లేపి చూడలేదు. ఆ ఆరు నెలలు ఆవిడకు నేను తిరిగి ఇవ్వలేను.

బ్రిటన్ ప్రభుత్వ వైద్యసేవకు మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ నడుంనొప్పికి టెన్స్, ఐఎఫ్‌టీ వంటి కరెంటు చికిత్సలూ, అల్ట్రాసౌండూ ఇవ్వవద్దని 2016లో స్పష్టంగా చెప్పింది. కీళ్ళ అరుగుదలకూ 2022లో అదే మాట, దానితోపాటు ప్రతి రోగికీ తగిన వ్యాయామం ఇవ్వాలని. వేడి కాపడంతోనో యంత్రంతోనో కాసేపు ఉపశమనం దొరికితే నాకు అభ్యంతరం లేదు, ఆ కాసేపు వ్యాయామానికి ఉపయోగపడాలి. అంతకుమించి దానికి చోటు లేదు. యువ సహచరుల్లో కొందరికి ఈ మాట నచ్చదని తెలుసు. రోగి యంత్రం అడుగుతాడు, యజమాని యంత్రానికి బిల్లు వేస్తాడు, మాటలకూ స్టూలుకూ ఎవరూ డబ్బు ఇవ్వరు. నిజమే. కాని మన వృత్తి ఎలా నిలబడిందో ఒకసారి తలుచుకుందాం. 1894లో లండన్‌లో నలుగురు నర్సులు మర్దన పనికి చదువు, నియమం, గౌరవం ఉండాలని ఒక సంఘం కట్టారు. మనదేశంలో 1950ల మొదట్లో పోలియో పడగొట్టిన పిల్లల్ని నిలబెట్టడానికి ముంబైలోని కేఈఎం ఆసుపత్రిలో మొదటి పాఠశాల వచ్చింది. ఆ పిల్లల్ని నడిపించింది చేతులూ, ఓపికా, రోజూ చేయించిన సాధనా. 2021లో పార్లమెంటు చేసిన చట్టం మనల్ని ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ పరిధిలోకి తెచ్చింది. గుర్తింపు వచ్చింది కనుక లెక్క చెప్పే బాధ్యతా వచ్చింది.

ఆ డెల్టా ఆవిడ రెండేళ్ళ తర్వాత మనవరాలి ఓణీల ఫంక్షను శుభలేఖ ఇవ్వడానికి వచ్చింది. వంగి ఊడ్చే పని మానేసింది, కలుపుకు పూట కూలికి పోతోంది. కొడుకు మళ్ళీ ఎక్స్‌రే తీయించాడట, తెచ్చింది. రెండేళ్ళ కిందటి దానితో పక్కపక్కన పెట్టి చూశాను. సందు అంతే ఉంది, పెరగలేదు. "ఏమైనా తేడా ఉందాండి?" అంది. లేదన్నాను. ఆవిడ రెండు ఫిల్ములూ కవర్లో పెట్టేసి, నేల మీద చాప చూసుకుని బాసింపట్టు వేసుకుని కూర్చుంది, శుభలేఖకు పసుపు రాయాలని.

కింద కూర్చోవద్దని జీవితాంతం నిషేధం పెట్టేవాళ్ళకు నా మనవి ఇదే. వ్రతం పీట, బంతి భోజనం, పసిపిల్లకు నలుగు పెట్టడం, ఇవి నేల మీద జరిగే పనులు. వాపు ఉన్నన్నాళ్ళు వద్దనండి. ఆ తర్వాత ఎంత ఎత్తు నుంచి మొదలుపెట్టి నేల దాకా ఎలా దిగాలో నేర్పండి.

మాస్టారు పోయాక వాళ్ళమ్మాయిగారు ఆ స్టూలు నాకిచ్చారు. ఈమధ్య గుంటమగ్గం నేసే ఒకాయన వస్తున్నాడు. నలభై ఆరేళ్ళు. కాళ్ళు గుంటలో, నడుం ముందుకు, పొద్దుటినుంచి దీపాలవేళ దాకా. కుడికాలిలోకి నొప్పి పాకుతోంది. బోర్లా పడుకుని మోచేతుల మీద లేస్తే నొప్పి పిక్క నుంచి తొడకు, తొడ నుంచి నడుముకు వెనక్కి వస్తోంది, మంచి సూచనే. కాని మగ్గం మీద పడుగు ఎక్కించి ఉంది, ఇంకా రెండు చీరలు దిగాలి, విశ్రాంతి అనే మాట ఆయన దగ్గర పనికిరాదు. మూరెడు నేసినప్పుడల్లా గుంటలోంచి లేచి పదిసార్లు వెనక్కి వంగమన్నాను. లేచి దిగేసరికే పొద్దుపోతోందండి అన్నాడు. ఆ గుంట లోతెంతో, ఆయన కూర్చునే గట్టు ఎత్తెంతో చూడకుండా నేను చెప్పిన మాట అది. రేపు పొద్దున్నే మగ్గం దగ్గరికి నేనే వెళ్తున్నాను. టేపు, స్టూలు రెండూ బండిలో పెట్టుకున్నాను.